ఏ సిమ్ము మంచిది? నల్లగొండ, పాలమూరు లెక్కలో

"హైదరాబాదులో ఏ నెట్‌వర్క్ బావుంటుంది?" అని అడిగితే మన ఆఫీసుల్లో జవాబులకి కొదవ ఉండదు. ఒకాయన ఎయిర్‌టెల్ అంటాడు, పక్క సీటాయన జియో అంటాడు, ఇంకొకాయన పదిహేనేళ్ళుగా వాడుతున్న నంబరు మీద మమకారంతో వీఐని వెనకేసుకొస్తాడు. ఎవరి మాట వాళ్ళకి నిజమే. ఎవరి ఫ్లాటు వాళ్ళది, ఎవరి టవరు వాళ్ళది. జావా గొప్పదా డాట్‌నెట్ గొప్పదా అనే వాదన లాగా ఇది కూడా లంచ్ అయిపోయేసరికి తేలకుండానే ముగుస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి సిటీలో పడ్డవాళ్ళకి మాత్రం ఈ ప్రశ్న సగమే. మిగతా సగం "ఊళ్ళె ఏది వస్తది?" అన్నది. ఫోన్‌కాల్‌కి రెండు చివర్లుంటాయి కదా. ఒక చివర గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగు, ఇంకో చివర దేవరకొండ పక్కనో, మక్తల్ పక్కనో ఉన్న ఊళ్ళో మిద్దె మీద నిలబడ్డ అమ్మ. ఈ చివర ఐదు గీతలున్నా ఆ చివర ఒక్క గీత లేకపోతే, మనం కొన్న ఖరీదైన ఫోను పలికేది ఒకటే మాట: కవరేజి ఏరియాలో లేరు.

ఈ రెండు చివర్ల మధ్య తేడా ఎందుకొచ్చింది, కంపెనీ పేరుని బట్టి వచ్చిందా ఇంకేదైనా ఉందా అన్నది చూద్దామనే ఈ చరిత్రంతా. చదివాక మీ సిమ్ము మార్చుకోవాలో వద్దో మీకే తెలుస్తుంది.

మొదట గీసిన మ్యాపు దగ్గర మొదలుపెడదాం. 1994లో కేంద్రం జాతీయ టెలికాం విధానం తెచ్చింది. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై నాలుగింటినీ మెట్రోలుగా విడగొట్టి, మిగతా దేశాన్ని సర్కిళ్ళుగా చేసి సెల్ లైసెన్సులిచ్చారు. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో సెల్ ఫోన్లకి కొబ్బరికాయ కొట్టారు. హైదరాబాదు ఆ నాలుగు మెట్రోల్లో లేదు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఒక ఊరు, అంతే. అప్పట్లో మనవాళ్ళకి అది చిన్నతనంగా అనిపించి ఉండొచ్చు గానీ, నల్లగొండకీ పాలమూరుకీ అది కలిసొచ్చిన సంగతి.

ఎలాగంటారా? చెన్నైని చూడండి. 2005 దాకా చెన్నై వేరే లైసెన్సు, తమిళనాడు వేరే లైసెన్సు. చెన్నైలో లైసెన్సున్న కంపెనీకి కాంచీపురం అవతల టవరు వెయ్యాల్సిన పనీ లేదు, వేసే హక్కూ లేదు. సిటీ దాటితే వేరే సర్కిల్, రోమింగ్. హైదరాబాదుకి లైసెన్సు తీసుకున్నవాడు మాత్రం చచ్చినట్టు మొత్తం రాష్ట్రానికీ తీసుకోవాలి. హైదరాబాదు సిమ్ము పట్టుకుని నార్కట్‌పల్లి వెళ్ళినా, జడ్చర్ల వెళ్ళినా రోమింగ్ గొడవ లేదు. ఉన్నదల్లా టవరు ఉందా లేదా అన్న గొడవే.

ఆ మొదటి లైసెన్సులు మన సర్కిల్లో ఇద్దరికి దక్కాయి. జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. 1999లో జేటీ మొబైల్స్‌ని భారతి కొనేసింది, అలా మనకి ఎయిర్‌టెల్ వచ్చింది. టాటా సెల్యులార్ వెళ్ళి బిర్లా ఏటీ అండ్ టీతో కలిసింది, 2002లో దాని పేరు ఐడియా అయ్యింది. 2001 వేలంలో నాలుగో ఆపరేటరుగా హచ్ వచ్చింది. మూడో స్థానం ప్రభుత్వానిది, అంటే బీఎస్ఎన్ఎల్, 2002 అక్టోబరులో సెల్‌వన్ పేరుతో మొదలైంది. నంబరు చూసి కంపెనీ చెప్పే రోజులవి. 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్, 9885 అంటే హచ్, 9440 అంటే బీఎస్ఎన్ఎల్. పెళ్ళిచూపుల్లో పిల్లాడి నంబరు చూసి "ఓహో, వీళ్ళ ఊళ్ళో ఎక్స్‌చేంజి ఉన్నట్టుంది" అనుకునే మామలు కూడా ఉండేవారు.

సరే, లైసెన్సు మొత్తం రాష్ట్రానికి ఇచ్చారు కాబట్టి మొత్తం రాష్ట్రానికీ సిగ్నల్ ఇవ్వాలి అనుకుంటాం కదా. షరతులు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. 2001లో నాలుగో ఆపరేటర్లకిచ్చిన లైసెన్సులో రాసింది ఇదీ: మొదటి ఏడాదిలో నూటికి పది జిల్లా కేంద్రాల్లో సర్వీసు ఉండాలి, మూడేళ్ళలో సగం జిల్లా కేంద్రాల్లో ఉండాలి. జిల్లా కేంద్రం బదులు ఆ సర్కిల్లో ఇంకో పట్టణం ఎంచుకున్నా సరే. ఊరు కవర్ చెయ్యడమంటే మునిసిపల్ హద్దుల్లో 90 శాతం చోట సిగ్నల్ అందడం. పల్లెల సంగతి? పల్లెల్లో తప్పనిసరిగా కవరేజి ఇవ్వాల్సిన అవసరం లేదని అందులోనే స్పష్టంగా రాసిపెట్టారు.

మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులోనే "అవుట్ ఆఫ్ స్కోప్" అని రాశారన్నమాట. ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. మొదటి ఏడాది మూడు ఊళ్ళు, మూడేళ్ళకి 12 ఊళ్ళు వేస్తే చాలు. ఏ కంపెనీ అయినా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి అంటూ లెక్కపెట్టుకుంటూ పోతే, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆ పన్నెండులో లేకపోయినా చట్టం తప్పినట్టు కాదు. టవరు రావాలంటే చట్టం కాదు, వ్యాపారం పిలవాలి.

ఆ వ్యాపారం ఎలా పిలుస్తుందో చూద్దాం. ఇక్కడ ఒక లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 40 లక్షల 53 వేల మంది. అదే లెక్కల్లో హైదరాబాదు జిల్లాలో 39 లక్షల 43 వేల మంది. అంటే దాదాపు సమానం. కానీ హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు. అంతే మంది జనం 85 రెట్ల స్థలంలో! నల్లగొండ కొంచెం నయం, 14,240 చదరపు కిలోమీటర్లలో 34 లక్షల 89 వేల మంది. ఒక టవరుకి స్థలం అద్దె, కరెంటు, జనరేటరుకి డీజిలు, వాచ్‌మన్ జీతం ఎక్కడైనా కావాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ టవరు కింద పదివేల మంది ఉంటారు, అచ్చంపేట అవతల రెండు తండాలుంటాయి. ఇందులో కుట్రేమీ లేదు, ఎక్సెల్ షీటు ఉంది.

అందుకే సిగ్నల్ మొదట రోడ్డు వెంబడి వచ్చింది. అటు విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ. ఇటు బెంగుళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట. కార్లో వెళ్ళేవాళ్ళు, వ్యాపారస్తులు మాట్లాడేది ఆ దారిలోనే కదా. తమాషా ఏంటంటే ఈ రెండు జిల్లాల కేంద్రాలు రెండూ హైవే మీద లేవు. నల్లగొండకి నార్కట్‌పల్లి దగ్గర తిరగాలి, మహబూబ్‌నగర్‌కి జడ్చర్ల దగ్గర తిరగాలి. హైవే మీద బస్సు పోతున్నంతసేపూ మాట, బస్సు ఊరి వైపు మళ్ళాక మౌనం. ఆ రోజుల్లో ఈ దారుల్లో తిరిగినవాళ్ళకి ఎక్కడ కాల్ కట్ అవుతుందో కిలోమీటరు రాయితో సహా తెలుసు.

ఇక మూడో విషయం, మన ఇంజినీర్లు కూడా పెద్దగా పట్టించుకోనిది: ఫ్రీక్వెన్సీ. మొదటి ఇద్దరు ఆపరేటర్లకి 900 మెగాహెర్ట్జ్ దక్కింది, బీఎస్ఎన్ఎల్‌కి కూడా. 2001లో వచ్చిన నాలుగో ఆపరేటర్లకి 1800 ఇచ్చారు. ఫ్రీక్వెన్సీ రెట్టింపయితే అదే దూరానికి సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే నాలుగో వంతు అవుతుంది. గోడల్లోంచి లోపలికి రావడం కూడా కష్టమవుతుంది. లెక్క తేలిక కోసం 900లో ఒక టవరు చుట్టూ 5 కిలోమీటర్లు వెళ్తుందనుకోండి. దాని కింద 78 చదరపు కిలోమీటర్లు వస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లా మొత్తానికి కాగితం మీద 235 టవర్లు చాలు. 1800లో ఆ దూరం సగమైందనుకుంటే వైశాల్యం నాలుగో వంతు, టవర్లు 940 కావాలి. గుట్టలు అడ్డొస్తే ఇంకా ఎక్కువ. నల్లగొండకి పేరు తెచ్చిందే కొండ, భువనగిరిలో ఊరి మీదే ఏకశిల, దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ అన్నీ కొండలే. ఒకప్పుడు ఏ కొండలెక్కి రాజులు కోటలు కట్టి చుట్టూ చూశారో, ఆ కొండలే ఇవాళ రేడియో సిగ్నల్‌కి నీడ పట్టేస్తాయి.

సిటీలో ఈ తేడా అంతగా తెలియదు. అక్కడ టవర్లు ఎలాగూ దగ్గర దగ్గరగా వెయ్యాలి, ఎందుకంటే సమస్య దూరం కాదు, రద్దీ. అందుకని హైదరాబాదులో బ్రహ్మాండంగా పనిచేసే కంపెనీ ఊళ్ళో చతికిలపడటంలో వింతేమీ లేదు. ఒకే కంపెనీ, ఒకే ఇంజినీర్లు, ఒకే సాఫ్ట్‌వేరు. మారింది వైశాల్యం, ఫ్రీక్వెన్సీ మాత్రమే. హచ్ వాళ్ళ బుజ్జి కుక్కపిల్ల పిల్లాడి వెంట ఎక్కడికైనా వెళ్ళే ప్రకటన గుర్తుందా? ఏ కంపెనీ కుక్కపిల్ల అయినా మనతోబాటు మన ఊరి దాకా వస్తుందా అన్నదే పాలమూరోళ్ళ ప్రశ్న.

అసలు సిటీ దాటడమే నిషిద్ధమైన ఫోన్లు కూడా ఉండేవి, ఇప్పటి పిల్లలు నమ్మరు. 2001లో ల్యాండ్‌లైన్ లైసెన్సున్న కంపెనీలకి "పరిమిత సంచారం" పేరుతో వైర్‌లెస్ ఫోన్లివ్వడానికి అనుమతిచ్చారు. ఆ ఫోను తన లోకల్ చార్జింగ్ ఏరియాలోనే పనిచెయ్యాలి. ఎస్టీడీ కోడ్ మారితే మన ఊరు మారినట్టే కదా, హైదరాబాదు 040, నల్లగొండ 08682, మహబూబ్‌నగర్ 08542. పెద్ద అంబర్‌పేట దాటి పోతూ ఉంటే ఫోను బొమ్మైపోతుంది. సెల్ కంపెనీలకీ వీళ్ళకీ కోర్టుల్లో పెద్ద యుద్ధమే నడిచింది. 2003 నవంబరులో యూనిఫైడ్ లైసెన్సు తెచ్చి ఆ గోడ తీసేశారు. అదే ఏడాది జులైలో రిలయన్స్ 501 రూపాయలు కడితే చేతిలో ఫోను పెట్టింది. మేస్త్రీలు, ఆటోవాళ్ళు, కూరగాయలమ్మే వాళ్ళు సెల్ పట్టుకోవడం అప్పుడే మొదలైంది.

దానికి రెండు నెలల ముందు ఇంకో పెద్ద మార్పు జరిగింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితం. మొదట్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా ఉండేది, వచ్చిన కాల్‌కి కూడా డబ్బులే. అలాంటప్పుడు ఊళ్ళో ఉన్న నాయనకి సెల్ కొనివ్వడం ఆయనకి అప్పు కట్టబెట్టడంతో సమానం. ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక ఊళ్ళో ఫోనుకి అర్థం వచ్చింది. మిస్డ్ కాల్ అనే కొత్త భాష పుట్టింది. రెండు రింగులంటే బస్సెక్కిన, మూడు రింగులంటే నువ్వు చెయ్యి. ఈ ప్రోటోకాల్‌కి ఎవరూ స్పెసిఫికేషన్ రాయలేదు, అయినా రెండు వైపులా సరిగ్గా ఇంప్లిమెంట్ అయ్యింది.

పాలమూరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ జిల్లా కూలీలు తరతరాలుగా దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలవలు తవ్వారు, రోడ్లు వేశారు. పాలమూరు లేబరు అంటే దేశంలో కాంట్రాక్టర్లందరికీ తెలుసు. ముంబై, పుణె వెళ్ళే కుటుంబాలు పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలి వెళ్ళేవి. వాళ్ళకి సిగ్నల్ అనేది సరదా కాదు. పసోడికి జ్వరమొచ్చిందని చెప్పడానికి ఊళ్ళో పీసీఓ దాకా నడిచి, అక్కడి నుంచి పనిచేసే చోట మేస్త్రీకి చేస్తే, మేస్త్రీ సాయంత్రానికి చెప్తే, రాత్రికి తెలిసేది. సెల్ వచ్చాక ఆ రోజంతా కొన్ని నిమిషాలకి తగ్గింది. కానీ మహారాష్ట్రలో ఉంటే రోమింగ్, వచ్చిన కాల్‌కీ కోత. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి ప్లాను తెచ్చింది. 2015 జూన్ 15 నుంచి రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. మిగతా కంపెనీలు కూడా తర్వాత ఆ దారికొచ్చాయి. ఈ రెండు తేదీల విలువ మన జీతాల వాళ్ళ కంటే ఆ కూలీలకి ఎక్కువ తెలుసు.

సరిహద్దు ఊళ్ళది ఇంకో బాధ. రాయచూరు పక్కన కృష్ణ, మాగనూరు, మక్తల్ వైపు ఇంట్లో కూర్చున్నా ఫోను ఏటి అవతల కర్ణాటక టవరుని పట్టేస్తే రోమింగే. కదలకుండా కూర్చున్నవాడికి ప్రయాణపు ఖర్చన్నమాట! అదే అలంపూర్ వాళ్ళకి కర్నూలు టవరు తగిలినా గొడవ లేదు, సర్కిల్ ఒకటే కాబట్టి. ఇంకో విడ్డూరం చెప్తాను. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యింది. ఉద్యోగులు, ఆస్తులు, నీళ్ళు, ఆర్టీసీ అన్నీ పంచుకున్నారు. టెలికాం లైసెన్సు మ్యాపులో మాత్రం ఇవాళ్టికీ తెలంగాణ ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే ఉంది. నాగార్జునసాగర్ డ్యాము మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డ రోజుల్లో కూడా వాళ్ళ ఫోన్లు ఒకే సర్కిల్లో ఉన్నాయి.

పల్లెలకి టవర్లు ఎలా వచ్చాయంటే మూడు దారుల్లో. ఒకటి బీఎస్ఎన్ఎల్. మండలాల్లో దానికి అప్పటికే ఎక్స్‌చేంజి బిల్డింగులు, కరెంటు, కేబుళ్ళు ఉన్నాయి. పక్కనే టవరు నిలబెట్టడం మిగతావాళ్ళ కంటే తేలిక. లాభం కోసమే పుట్టినది కాదు కాబట్టి వెళ్ళింది కూడా. రెండోది అందరి దగ్గరా వసూలు చేసిన సార్వత్రిక సేవా నిధి. 2002లో మొదలైన ఆ నిధి నుంచి 2007లో పల్లెల్లో కంపెనీలు పంచుకునేలా దేశంలో ఏడు వేలకి పైగా టవర్ల పథకం వేశారు. మూడోది పోటీ. 2009లో టాటా డొకోమో సెకనుకి పైసా అంటూ వచ్చాక, యూనినార్ లాంటి కొత్తవాళ్ళు దిగాక సిటీలో మిగిలింది తక్కువ. కొత్త కస్టమరు కావాలంటే పల్లెకే పోవాలి. సిటీలో దెబ్బలాట మన ఊళ్ళకి మేలు చేసింది.

ఆ రోజుల్లో మనవాళ్ళు కనిపెట్టిన పరిష్కారం డ్యూయల్ సిమ్ము. ఒకటి సిటీ సిమ్ము, ఒకటి ఊరి సిమ్ము. చైనా ఫోన్లని ఎంత వెక్కిరించినా, రెండు చివర్లున్న సమస్యకి రెండు సిమ్ముల జవాబిచ్చింది అవే. 2011 జనవరి 20న దేశమంతా నంబరు పోర్టబిలిటీ వచ్చింది. నంబరు కోసం చెడ్డ నెట్‌వర్క్‌తో కాపురం చేయాల్సిన అవసరం అప్పటితో తీరింది.

ఇంతలో సిటీలో ఇంకో కథ మొదలైంది. 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకి తగ్గించారు. ఒక్కో టవరు శక్తి తగ్గితే ఎక్కువ టవర్లు వెయ్యాలి. అదే సమయంలో అపార్ట్‌మెంటు సంఘాలు "మా మిద్దె మీద టవరు వద్దు" అన్నాయి. వద్దన్నవాళ్ళే మర్నాడు బాల్కనీలో నిలబడి "హలో, వినిపిస్తోందా" అన్నారు. దీనికి తోడు మన ఐటీ బిల్డింగులు. ఎండ రాకుండా పూత పూసిన అద్దాలు రేడియో తరంగాల్ని కూడా గేటు దగ్గరే ఆపేస్తాయి. అమీర్‌పేట సెల్లార్లలో కోర్సులు నేర్చుకున్న వాళ్ళకి కాంక్రీటు సంగతి చెప్పనక్కర్లేదు.

కాల్ డ్రాపులు పెరిగితే 2015 అక్టోబరులో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. తెగిన కాల్‌కి రూపాయి చొప్పున, రోజుకి మూడు దాకా కస్టమరుకి వెనక్కివ్వాలని. 2016 మే 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ రూపాయి మనకి రాలేదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. రిలయన్స్ కమ్యూనికేషన్స్, ఎయిర్‌సెల్ మూతపడ్డాయి. టెలినార్, టాటా మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. ఒకప్పుడు సిమ్ములు అమ్మే గొడుగుల కింద డజను పేర్లుండేవి, ఇవాళ మూడు ప్రైవేటు, ఒక ప్రభుత్వం. వీటిలో ఊరికి నిజంగా అందేవి ఒకటో రెండో అయితే, ఎంపిక అనే మాటకే అర్థం చిన్నదైపోతుంది. ఇది నాకు అన్నిటికంటే కలవరపెట్టే విషయం.

ఊరి చివర ఎలా ఉందో మనకి బాగా తెలిసొచ్చింది 2020 మార్చిలో. లాక్‌డౌన్ పెట్టగానే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని అందరం ఊళ్ళకి పోయాం. మేడ్చల్ నుంచి మిర్యాలగూడ దాకా స్టాండప్ మీటింగులు నిజంగానే నిలబడి, మిద్దె మూలన, వేపచెట్టు కింద జరిగాయి. "సారీ, మ్యూట్‌లో లేను, సిగ్నల్ లేదు" అన్నది ఆ ఏటి జాతీయ వాక్యం. మన తల్లిదండ్రులు ఇరవై ఏళ్ళుగా పడుతున్నదే మనం కొన్ని నెలలు పడ్డాం. తేడా ఏంటంటే మనకి జీతం ఆగుతుందన్న భయం, వాళ్ళకి 108 అందదన్న భయం. 2005 ఆగస్టు 15న ఆ అంబులెన్సు సర్వీసు మొదలైంది. ఆ మూడంకెలు నొక్కాలంటే ముందు గీత ఉండాలి. ఇప్పుడు బ్యాంకు ఓటీపీకీ గీత కావాలి, పింఛను మెసేజికీ కావాలి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనికి రోజుకి రెండుసార్లు యాప్‌లో ఫొటో హాజరు కూడా తప్పనిసరి అయ్యింది. గడ్డపార పట్టేవాళ్ళకి కూడా నెట్‌వర్క్ కావాల్సిన రోజులివి. నల్లమలలో మన్ననూరు అవతల చెంచు పెంటల వైపు సిగ్నల్ కష్టాలు ఎప్పటి నుంచో తెలిసినవే.

ఇక అసలు ప్రశ్నకొద్దాం. సిమ్ము ఎలా ఎంచుకోవాలి? ఈ చరిత్రంతా చూశాక నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, కంపెనీని కాదు, చోటుని అడగండి. "హైదరాబాదులో ఏది మంచిది" అన్న ప్రశ్నకి జవాబు లేదు. "వనస్థలిపురంలో మా వీధిలో రెండో అంతస్తు వెనక గదిలో, రాత్రి తొమ్మిదికి ఏది మంచిది" అన్న ప్రశ్నకి ఉంది. ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్లే మీకు టెస్టింగ్ పరికరాలు. అన్నం పెట్టే లోపు నాలుగు కంపెనీలూ చూసెయ్యొచ్చు.

రెండోది, గీతల్ని నమ్మకండి. ఎన్ని డీబీఎమ్‌కి ఎన్ని గీతలు చూపాలన్నది ఫోను తయారుచేసేవాడి ఇష్టం. ఆండ్రాయిడ్‌లో ఎబౌట్ ఫోన్ లోపల సిమ్ స్టేటస్‌లో అసలు అంకె ఉంటుంది. మైనస్ 80 కంటే మైనస్ 110 చూడటానికి కొంచెమే తేడా, నిజానికి వెయ్యో వంతు. గీతలు నిండుగా ఉండి కూడా కాల్ కలవకపోతే, నెట్ పాకుతుంటే, అది కవరేజి కాదు, రద్దీ. దానికి కిటికీ దగ్గరకెళ్ళినా లాభం లేదు.

మూడోది, తక్కువ ఫ్రీక్వెన్సీ ఎవరిదో చూడండి, ముఖ్యంగా ఊరి కోసం. ఆ 900 బ్యాండు లైసెన్సులు ఇరవై ఏళ్ళు తీరాక 2015 మార్చిలో మళ్ళీ వేలానికొచ్చినప్పుడు పాత కంపెనీలు ఎందుకంత పట్టుబట్టాయో ఇప్పుడర్థమై ఉంటుంది. ఒకప్పుడు సీడీఎంఏ ఫోన్లు నడిచిన 850 బ్యాండు మీద ఇప్పుడు జియో 4జీ నడుస్తోంది. 2022 వేలంలో 700 బ్యాండు కొన్నదీ జియోనే. 5జీ బోర్డు చూసి మురిసిపోకండి. దాని వేగమంతా ఎక్కువగా 3300 బ్యాండు మీద, అది గోడ దాటడానికే ఆపసోపాలు పడుతుంది. బీఎస్ఎన్ఎల్‌ని కూడా కొట్టిపారెయ్యకండి. చాలా ఆలస్యంగానైనా 2025 సెప్టెంబరులో దేశీయ పరికరాలతో 4జీ మొదలుపెట్టింది. మీ ఊరి ఎక్స్‌చేంజి దగ్గర టవరుంటే అక్కడ ఒకసారి చూడండి.

నాలుగోది, మ్యాపు అడగండి. ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఏ టెక్నాలజీ ఎక్కడుందో కంపెనీలే తమ సైట్లలో మ్యాపు పెట్టాలి. ఊరి పేరు కొట్టి చూడండి. మ్యాపులో రంగుండి మిద్దె మీద సిగ్నల్ లేకపోతే ఫిర్యాదుకి అదే ఆధారం. ఇన్నాళ్ళూ సర్కిల్ మొత్తం సగటు చూపించి తప్పించుకునేవారు. హైదరాబాదు మంచి మార్కుల్లో మునుగోడు చెడ్డ మార్కులు కలిసిపోయేవి. మన ఊరి మార్కు విడిగా కనిపించడం ఇదే మొదలు.

ఐదోది, మారడానికి మొహమాటపడకండి. 90 రోజులు దాటితే 1900కి ఒక మెసేజి, మూడు పనిదినాల్లో నంబరు అదే, కంపెనీ వేరు. సిటీలో ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోండి, 2020 నుంచి ఉన్నదే, సగం బాధలు తీరుతాయి. అంటే మన చివరకి ప్లాన్ బీ ఉంది, ఊరి చివరకి లేదు. అందుకని రెండింటికీ ఒకే కంపెనీ కుదరకపోతే, ఊళ్ళో ఏది వస్తుందో అది అమ్మానాన్నలకి ఇచ్చి, మనమే సర్దుకోవడం న్యాయం. తక్కువ ధరకి ఫ్యామిలీ ప్లాను వస్తుందని మన సిటీ కంపెనీ సిమ్మే వాళ్ళ ఫోన్లో కూడా వేసి రాకండి.

ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. నాలుగు సిమ్ములు పట్టుకుని ఇంట్లో, పొలం దగ్గర, బావి దగ్గర, బస్టాండులో అంకెలు రాసుకోండి. అరగంట పని. అమ్మ రోజూ పడుకునే గదిలో వచ్చిన అంకెని బట్టి సిమ్ము మార్చండి. ఆవిడ మిద్దె మెట్లెక్కకుండా మనతో మాట్లాడగలిగితే, అదే మంచి నెట్‌వర్క్.